పామే నడిచిన వీధి

కటవారియా సరాయ్‌లోని మా ఇంటి నుంచి మునీర్కా వైపు వెళ్ళిన ప్రతిసారీ బోర్డు మీద ఆ పేరు కనిపిస్తుంది: ఒలాఫ్ పామే మార్గ్. ఆటోవాలాలు ఆ పేరు పలకరు. వారికి అది ఔటర్ రింగ్ రోడ్డే. స్వీడన్ అనగానే నాకూ పామే కంటే ముందు బోఫోర్స్ గుర్తుకొచ్చేది. వృత్తిదోషం.

యూరప్‌లో ఒక సదస్సు ముగించుకుని వస్తుండగా స్టాక్‌హోంలో ఏడు గంటల విరామం దొరికింది. రైలెక్కి నగరంలో దిగి, సెంట్రల్ స్టేషన్ నుంచి కాలినడకన స్వేయావేగెన్ వీధికి చేరుకున్నాను. 1986 ఫిబ్రవరి 28 రాత్రి ప్రధానమంత్రి పామే, భార్య లిస్‌బెత్‌తో కలిసి సినిమా చూసి, అంగరక్షకులెవరూ లేకుండా ఈ వీధిలోనే ఇంటికి నడిచి వెళుతున్నారు. హంతకుడు వెనుక నుంచి కాల్చి, పక్క సందు చివరి మెట్లెక్కి పారిపోయాడు.

ఆ చోట కాలిబాటలోనే ఒక లోహఫలకం పొదిగారు. కంచె లేదు, కాపలా లేదు. నేను నిలబడి ఉన్నంతసేపూ జనం దానిని తొక్కుకుంటూనే వెళ్ళారు. మనమైతే చెప్పులు విడిచే చోటు కదా అని మొదట మనసు చివుక్కుమంది.

అంతకు పదహారు నెలల క్రితం, 1984 అక్టోబర్ 31 ఉదయం, ఇందిరా గాంధీ కూడా నడుస్తూనే ఉన్నారు, సఫ్దర్‌జంగ్ రోడ్డు నివాసం నుంచి ఆనుకుని ఉన్న అక్బర్ రోడ్డు కార్యాలయానికి. కాల్చినవారు ఆమె రక్షకులే. ఆ దారిని స్ఫటికంతో కప్పి భద్రపరిచారు. పక్క నుంచి చూసి వెళ్ళవలసిందే. ఆమె మరణించిన మూడు నెలలకే, 1985 జనవరిలో, ఆరు దేశాల నిరాయుధీకరణ సమావేశానికి పామే ఢిల్లీ వచ్చి రాజీవ్ గాంధీ సరసన కూర్చున్నారు. ఆ ఇద్దరిలో ఎవరికీ సహజ మరణం దక్కలేదు.

అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే నీటి నడుమ చిన్న ద్వీపం, దాని మీద పార్లమెంటు. రెండు భవనాల మధ్య నుంచే పాదచారుల వీధి సాగిపోతుంది. కమాను దగ్గరకు రాగానే నా చేయి అలవాటుగా జేబులో గుర్తింపు కార్డు కోసం వెతికింది. ఎవరూ అడగలేదు. పిల్లను బండిలో తోసుకుంటూ ఒక తండ్రి నన్ను దాటి వెళ్ళాడు.

స్వీడన్‌ను ఆదర్శంగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. పామే కేసును 34 ఏళ్ళు సాగదీసి, 2020లో అప్పటికే చనిపోయిన ఒక వ్యక్తిని అనుమానితుడిగా చూపి మూసేశారు. 2003లో విదేశాంగ మంత్రి అన్నా లింద్‌ను ఇదే నగరంలో ఒక దుకాణంలో కత్తితో పొడిచి చంపినప్పుడు ఆమె వెంట కూడా అంగరక్షకులు లేరు. శ్రీపెరుంబుదూర్‌ను చూసిన దేశం మనది. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీదే దాడి జరిగింది. నాయకులకు రక్షణ వద్దని నేనెలా అనగలను? నా పేచీ రక్షణతో కాదు. తుపాకీ పట్టినవాణ్ణి ఆపడానికి వేసిన కంచె, ప్రశ్న పట్టుకొచ్చినవాణ్ణి కూడా అంతే దూరాన నిలబెడుతోంది. 2024 జూలైలో పార్లమెంటు ప్రాంగణంలో పాత్రికేయులను ఒక అద్దాల గదికి పరిమితం చేశారు. లోక్‌సభలో ప్రతిపక్ష నేత ఆ విషయం లేవనెత్తవలసి వచ్చింది. ఇక్కడా అద్దమే.

ఢిల్లీలో దిగిన రాత్రి మునీర్కా దగ్గరే ఆటో ఆపించి, పామే పేరిటి దారిలో కాసేపు నడుద్దామనుకున్నాను. కాలిబాట సగం దూరం కూడా లేదు. మిగతాది రోడ్డు అంచునే, హారన్ల మధ్య నడిచాను.