గుడి కాని గుడి!

హాలు పేరు ‘టెంపుల్’. ఎదురుగా పీఠం మీద బైబిలు. సమావేశానికి ముందూ వెనకా ప్రార్థన. అయినా అది చర్చి కాదు, తమది మతమూ కాదంటారు అక్కడి సభ్యులు. మతం కానప్పుడు పీఠం ఎందుకు, ప్రార్థన ఎందుకు అంటారు చర్చి పెద్దలు. మరి ఒక క్రైస్తవుడు ఫ్రీమేసన్ కావచ్చా? లండన్‌లోని ఫ్రీమేసన్స్ హాల్‌లో అడుగు పెట్టినవారికి ఎదురయ్యే ప్రశ్న ఇదే.

లండన్‌లో హోబర్న్ ట్యూబ్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే గ్రేట్ క్వీన్ స్ట్రీట్. అక్కడ ఫ్రీమేసన్స్ హాల్ ఎక్కడా అని ఎవర్నీ అడగక్కర్లేదు. రెండుంపావు ఎకరాల్లో, వీధి మలుపును మొత్తం ఆక్రమించుకుని, తెల్లటి రాతి గోపురంతో కనిపిస్తుంది. బీబీసీ ‘స్పూక్స్’ సీరియల్ చూసినవాళ్లకైతే ఇది పాత పరిచయమే. అందులో గూఢచారుల ఆఫీసుగా చూపించింది ఈ భవనాన్నే.

నిజానికి ఇదో స్మారక చిహ్నం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 3,225 మంది ఫ్రీమేసన్ల జ్ఞాపకార్థం 1927లో పునాదిరాయి వేశారు. 1933లో ప్రారంభించారు. వాళ్ల పేర్లు రాసిన చుట్టను ఓ కంచు పేటికలో భద్రంగా ఉంచారు. అప్పట్లో దీని పేరు మేసోనిక్ పీస్ మెమోరియల్. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆ పేరు పోయి ఫ్రీమేసన్స్ హాల్ అయింది.

తాపీ లేని మేస్త్రీలు

మేసన్ అంటే తాపీమేస్త్రీ. కానీ ఈ సంఘంలో చేరేవాళ్లు తాపీ పట్టక్కర్లేదు. మూలమట్టం, కంపాస్, రసమట్టం, తూగుగుండు... ఇవన్నీ వీళ్లకు నీతి పాఠాలు. మూలమట్టం అంటే నిజాయతీ. రసమట్టం అంటే అందరూ సమానమే అని. సెయింట్ పాల్స్ కెథెడ్రల్ దగ్గర ఓ సారాయి అంగడిలో 1717 జూన్ 24న నాలుగు లాడ్జీలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయన్నది సంఘం చెప్పుకునే చరిత్ర. రాజకుటుంబీకులు, న్యాయమూర్తులు, వ్యాపారులు, ఆఖరికి పాస్టర్లూ ఇందులో చేరారు. 1723లో వీళ్ల నియమావళిని రాసిన జేమ్స్ ఆండర్సన్ స్వయానా ప్రెస్బిటేరియన్ పాస్టర్!

ఇక భవనంలో అసలు చూడాల్సింది గ్రాండ్ టెంపుల్. కంచు తలుపుల్లో ఒక్కొక్కటీ టన్నుంపావు బరువు. అవి తెరుచుకోగానే 62 అడుగుల ఎత్తున రంగురంగుల మొజాయిక్ పని. పదిహేడు వందల మంది కూర్చోవచ్చు. తలెత్తి చూస్తే ఓ పక్క బైబిల్లోని సొలొమోను రాజు, ఆయన మందిరానికి సాయం చేసిన తూరు రాజు హీరాము కనిపిస్తారు. మరోపక్క గణితవేత్తలు యూక్లిడ్, పైథాగరస్. ఒక వైపు రథమెక్కిన గ్రీకుల సూర్యదేవుడు. ఇంకోవైపు డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జ్. బైబిలూ గ్రీకు పురాణమూ క్రైస్తవ వీరుడూ ఒకే కప్పు కింద! చూసేవాళ్లకు అది అందం. క్రైస్తవ విశ్వాసికి చిక్కు మొదలయ్యేదీ అక్కడే.

పేరు పెట్టని దేవుడు

ఇందులో చేరాలంటే దేవుణ్ని నమ్మాలి. ఏ దేవుణ్ని అని మాత్రం అడగరు. లాడ్జిలో మతం గురించి, రాజకీయం గురించి చర్చ నిషిద్ధం. ప్రార్థనలో దేవుణ్ని ‘విశ్వానికి మహాశిల్పి’ అంటారు. మొదట్లో ఆచారాల్లో క్రైస్తవ ప్రస్తావనలు ఉండేవి. 1813లో రెండు గ్రాండ్ లాడ్జీలు కలిసి యునైటెడ్ గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇంగ్లండ్ అయ్యాక వాటిని తొలగించారు. అన్ని మతాలవాళ్లూ ఇబ్బంది పడకుండా చేరాలన్నది ఉద్దేశం.

చర్చి పెద్దల మొదటి అభ్యంతరం సరిగ్గా దాని మీదే. క్రైస్తవుడి ప్రార్థన యేసు నామంలో జరగాలి. ఆ పేరు కావాలని పక్కన పెట్టి చేసే ప్రార్థనకు ‘ఆమెన్’ ఎలా చెబుతాడు? రెండోది ఒట్టు. రహస్యం బయటపెట్టనని ప్రమాణం చేయించడం. ఒట్టు పెట్టుకోవద్దని కొండమీది ప్రసంగంలో క్రీస్తే చెప్పాడు కదా అంటారు. మాట తప్పితే ఘోరమైన శిక్షలంటూ ఆ ప్రమాణంలో ఉండే మాటల్ని సంఘం 1986లో తీసేసింది. మూడోది రక్షణ. మంచితనంతో మనిషి తనను తాను చెక్కుకుంటాడన్నది మేసన్ల పాఠం. రక్షణ దేవుడి కృపే తప్ప మనిషి చేతిపని కాదన్నది చర్చి బోధ.

కేథలిక్ చర్చి ముందు నుంచీ కరాఖండిగా చెబుతోంది. 1738లో పోప్ పన్నెండో క్లెమెంట్ నిషేధించారు. 1983లో కొత్త చర్చి చట్టంలో ఫ్రీమేసన్ల పేరు లేకపోయేసరికి నిషేధం పోయిందేమో అనుకున్నారు చాలామంది. అదే ఏడాది నవంబరులో కార్డినల్ రాట్జింగర్ (తర్వాత పోప్ పదహారో బెనెడిక్ట్ అయ్యింది ఈయనే) సంతకంతో వివరణ వచ్చింది. చేరితే ఘోర పాపమే, దివ్య సత్ప్రసాదం తీసుకోకూడదని! 2023లో వాటికన్ మళ్లీ అదే మాట చెప్పింది. కేథలిక్ కుటుంబంలో ఇది చిన్న విషయం కాదు. ఆదివారం పూజలో ఇంటిల్లిపాదీ సత్ప్రసాదానికి లేస్తే ఒక్కరు కూర్చుండిపోవాలన్నమాట.

ఆంగ్లికన్ల పరిస్థితి వేరు. 1953లో రెండో ఎలిజబెత్ రాణికి కిరీటం పెట్టిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జెఫ్రీ ఫిషర్ ఫ్రీమేసనే. కానీ 1987లో చర్చి ఆఫ్ ఇంగ్లండ్ సినడ్ ముందుకు ఓ నివేదిక వచ్చింది. ఫ్రీమేసన్రీ క్రైస్తవానికి పొసగుతుందా అన్న విషయంలో చాలా మౌలికమైన సందేహాలున్నాయని తేల్చింది. 394 మంది సమర్థించారు, 52 మంది వ్యతిరేకించారు. నిషేధం మాత్రం పెట్టలేదు. మరో ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ రెండూ పొసగవన్నారు. మేసన్లు నొచ్చుకునేసరికి 2003లో విచారం తెలిపారు. ఆయన తండ్రీ ఫ్రీమేసనే మరి! 2017లో మేసన్ల మూడు వందల ఏళ్ల వేడుకకు కాంటర్‌బరీ కెథెడ్రల్‌లోనే ప్రత్యేక ఆరాధన జరిగింది. ఆ కెథెడ్రల్ మరమ్మతులకు వాళ్లిచ్చింది మూడు లక్షల పౌండ్లు.

గోషామహల్ దాకా...

ఇంగ్లండులో చర్చిని ఇబ్బంది పెట్టిన ఆ మౌనమే మన దేశంలో తలుపులు తెరిచింది. చాలామంది దేవుళ్లను కొలిచే హిందువుని చేర్చుకోవచ్చా అని కలకత్తా మేసన్లు ఏళ్లతరబడి తర్జనభర్జన పడ్డారు. చివరికి 1872లో ప్రసన్నకుమార్ దత్‌కు అనుమతి దొరికింది. పన్నెండేళ్ల తర్వాత అదే లాడ్జిలో నరేంద్రనాథ్ దత్తా అనే కుర్రాడు చేరాడు. అతనే స్వామి వివేకానంద! హైదరాబాద్‌లో తానీషా కాలం నాటి గోషామహల్ బారాదరి మేసన్ల చేతికొచ్చిందీ 1872లోనే. మన దేశంలోని లాడ్జీల పీఠం మీద బైబిలు పక్కనే భగవద్గీత, ఖురాన్ కూడా ఉంటాయి.

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందనుకోనక్కర్లేదు. స్వీడన్ పద్ధతి పాటించే లాడ్జీల్లో క్రైస్తవులకే ప్రవేశం. అంటే క్రీస్తు పేరు ఉండాలా వద్దా అన్న విషయంలో మేసన్లలోనే ఏకాభిప్రాయం లేదు!

తమది మతం కాదన్న మేసన్ల మాట అబద్ధమేం కాదు. వాళ్లకు సంస్కారాలు లేవు, స్వర్గానికి దారి చూపిస్తామనీ అనరు. ఏటా దానధర్మాలకు పెద్ద మొత్తాలే ఖర్చు పెడతారు. అలాగని చర్చి భయం ఉత్తదీ కాదు. గ్రాండ్ టెంపుల్‌లో ‘మహాశిల్పి’ అనగానే పక్కపక్కన కూర్చున్నవారి మనసుల్లో ఒక్కొక్కరికి ఒక్కో రూపం మెదులుతుంది. ఆ రూపమేదో పైకి చెప్పక్కర్లేదంటుంది లాడ్జి మర్యాద. చెప్పి తీరాలంటుంది క్రైస్తవ విశ్వాసం. ఆ కంచు తలుపులు దాటే ప్రతి క్రైస్తవుడూ ఈ రెండింటిలో దేనికి తలవంచాలో తనే తేల్చుకోవాలి.