సూర్యాపేట నుండి మిర్యాలగూడకు – ఒక మూటకుడుము ప్రయాణం

పండుగ నెలలో సేవకులకు ప్రయాణాలు ఎక్కువ. నిరుడు డిసెంబరులో నేను చేసిన ఒక చిన్న ప్రయాణం గురించి మీతో చెప్పాలని ఉంది. సూర్యాపేటలో బయలుదేరి, కోదాడలో ఒక రాత్రి నిలిచి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరుకున్నాను. నా సంచిలో బైబిలు, పాటల పుస్తకంతో పాటు ఒక స్టీలు డబ్బా ఉంది. ఆ డబ్బాలో అరకిలో మేక కొవ్వు ఉంది!

నవ్వకండి. దాని వెనుక మా మేనత్త మనసులో డెబ్బై ఏండ్లుగా ఉన్న ఒక ముల్లు ఉంది.

మా నాయనమ్మ ఆ రోజుల్లో ఒక దొరల బంగళాలో వంటపని చేసేది. క్రిస్మస్‌కు దొరసాని చెప్పినట్టు పుడ్డింగు వండేది. మా మేనత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆమె ఎప్పుడూ ఒకే మాట అనేది: “పండుగనాడు మా అమ్మ పొద్దుగూకినంక వచ్చేది బిడ్డా. దొరసాని పిల్లలకు కమ్మగ వండిపెట్టి, మా తానికి వట్టి చేతులతోని వచ్చేది. ఆ పుడ్డింగు ఎట్లుంటదో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు.” ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం ఉండేది. తల్లి చనిపోయి ఎన్నో ఏండ్లయినా ఆ కోపం చావలేదు.

వేదాంత విద్య చదివే రోజుల్లో ఒక వృద్ధ ఉపాధ్యాయురాలు చెప్పగా ఈ పుడ్డింగు పద్ధతి ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకున్నాను. నిరుడు ఆ కాగితం పాత పుస్తకంలో దొరికింది. అత్తమ్మకు ఒక్కసారైనా తినిపించాలనిపించింది.

మొదట సూర్యాపేటలో మా ఇంటిలోనే ప్రయత్నించాము. కొవ్వు ఎందుకులే అని నా భార్య నెయ్యి వేసింది. రెండు గంటలు ఆవిరి మీద ఉడికించి మూట విప్పితే రోకలిబండలా గట్టిగా ఉంది. పిల్లలు దానిని బల్ల మీద కొట్టి చప్పుడు చేశారు. కాగితం మళ్ళీ చదివితే కారణం తెలిసింది. ఇంగ్లీషువారు వాడేది ‘సూయెట్’, అంటే పశువు గుర్దాల చుట్టూ ఉండే తెల్లని గట్టి కొవ్వు. నెయ్యి మన ఒంటి వేడికే కరిగిపోయి పిండిలోకి ఇంకిపోతుంది. ఈ కొవ్వు 45 డిగ్రీలు దాటితేగాని సరిగా కరగదు. ఆవిరి మీద పిండి గట్టిపడటం మొదలయ్యేదాకా దాని తునకలు తమ చోటు వదలవు. తరువాత అవి కరిగి, ఉన్నచోట చిన్న చిన్న ఖాళీలు మిగులుస్తాయి. అందువల్లనే పుడ్డింగు గుల్లగా, మెత్తగా వస్తుంది.

మరునాడు వేకువనే, పొగమంచులో, మాంసం దుకాణానికి వెళ్ళాను. “గుర్దాల మీది కొవ్వు కావాలి” అంటే దుకాణదారుడు నా ముఖం చూశాడు. “అయ్యగారూ, దీన్ని ఎవరూ విడిగ అడగరు, సబ్బుకా?” అన్నాడు. అక్కడివారు మామూలుగా ఆవు, ఎద్దుల కొవ్వు వాడతారు. మనకు మేక కొవ్వు చాలు. పైపొర, నరాలు తీసి, మంచు డబ్బాలో గట్టిపరచి, కాస్త మైదా చల్లుకుంటూ కొబ్బరి కోరినట్టు కోరుకోవాలి. ఆ దేశంలో ఈ కష్టం తప్పించడానికి 1893లో మాంచెస్టరులో గాబ్రియేల్ హ్యూగన్ అనే ఆయన కోరిన కొవ్వును ‘అటోరా’ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. ఈ రోజుల్లో మాంసం తిననివారి కోసం మొక్కల నూనెతో చేసినది కూడా అక్కడ దొరుకుతుంది.

సూర్యాపేట నుండి కోదాడ వరకు పెద్ద రోడ్డే. హైదరాబాదు నుండి విజయవాడ పోయే రోడ్డు అది. బస్సులో గంట ప్రయాణం. ఆ రాత్రి కోదాడలో గృహకూడిక తరువాత నా డబ్బా సంగతి బయటపడింది. ఒక పెద్దాయన గంభీరంగా అడిగారు: “అయ్యగారూ, గుర్దాల మీది కొవ్వు దేవునికి దహించాలి, నరులు తినరాదు అని ధర్మశాస్త్రంలో లేదా?” మంచి ప్రశ్న. లేవీయకాండము 3, 7 అధ్యాయాలలో ఆ మాట ఉన్నది. అయితే అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేములో కూడిన పెద్దలు అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసుల మీద ఆ భారం మోపలేదు అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. నాకు మాత్రం రాత్రి నిద్రపట్టే ముందు అదే ఆలోచన. బలిపీఠం మీద దేవునిదిగా ఎంచిన భాగాన్ని ఈనాడు సబ్బుకా అని అడుగుతున్నారు.

ఆ ఇంటి అక్కయ్యగారు నాకు ఇంకో సాయం చేశారు. మూట కట్టడం నా చేత కాదని గ్రహించి, “ఇది మన వాసెన కట్టడమే కదయ్యా” అని చేసి చూపించారు. గిన్నె మూతికి తడిగుడ్డ వేసి, మధ్యలో ఒక మడత వదలాలి. పిండి పొంగితే ఆ మడత విచ్చుకుని చోటిస్తుంది. అంచు కింద పురికోసతో బిగించి, పైకెత్తడానికి అదే తాడుతో పిడి కట్టాలి. కుడుములు, జిల్లేడుకాయలు వండే మన ఇల్లాళ్ళకు ఇది కొత్త విద్య కాదు.

మరునాడు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా సాగరు ఎడమ కాలువ నీళ్ళ మహిమ కనిపిస్తుంది. కోతలైన మళ్ళు, రోడ్డు పక్క ఆరబోసిన వడ్లు, యాసంగి నారుమళ్ళు. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. అంతకు ముందు ఈ మెట్టభూములలో పేదల తిండి జొన్నలు, సజ్జలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే రైసుమిల్లుల వాసన తగిలింది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టించి ఉప్పుడు బియ్యం చేసే వాసన అది. ఊరు ఊరంతా ఆవిరి మీద ఉడుకుతున్నట్టే ఉంటుంది.

అత్తమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. “ఏం తెచ్చినవ్ అల్లుడా?” అంది. “దొరసాని పుడ్డింగు” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ముఖం తిప్పుకుంది.

వంటింట్లో పని మొదలుపెట్టాను. మీరూ చేసుకోవచ్చు. పావుకిలోకు కొంచెం తక్కువగా మైదా, అందులో సగం కోరిన కొవ్వు, మూడు చెంచాల బేకింగు పౌడరు, చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర, రెండు గుప్పెళ్ళ కిస్‌మిస్‌లు కలిపి, చిన్న గ్లాసెడు పాలతో మెత్తని ముద్ద చేయాలి. గట్టిగా పిసకరాదు. నెయ్యి రాసిన గిన్నెలో ముప్పావు వంతు వరకే పెట్టి వాసెన కట్టాలి. పెద్ద తపేలాలో అడుగున గుడ్డ చుట్ట వేసి, దానిమీద గిన్నె నిలిపి, సగం ఎత్తు వరకు మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాలి. రెండు గంటలు ఉడకాలి. నీళ్ళు తగ్గితే మరిగిన నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోస్తే ఆవిరి ఆగి పిండి చదికిలబడుతుంది. ఇది మామూలు పుడ్డింగు. క్రిస్మస్‌ది ఇంకా పెద్దది. దానిని వారాల ముందే ఆరేడు గంటలు ఉడికించి దాచి, పండుగనాడు మళ్ళీ రెండు గంటలు ఆవిరి పట్టిస్తారు. ఆంగ్లికను సంఘాలలో ఆగమన కాలానికి ముందు ఆదివారం చేసే ప్రార్థనలో, విశ్వాసుల మనసులను కదిలించుమని దేవుని అడుగుతారు. ఆ వారమే ఇంటిల్లిపాదీ ఈ పిండి కలపడం అక్కడి ఆచారం.

నేను పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాను. గంట గడిచాక అత్తమ్మ గడప దగ్గరకు వచ్చింది.

“ఇంకా కాలేదా?”

“ఇంకో గంట అత్తమ్మా. వదిలిపెడితే నీళ్ళు ఇంకిపోతాయి.”

“పండుగనాడు సుత ఇట్లనే నిలబడాల్నా?”

“ఇట్లనే. వాళ్ళు అన్నం తిన్న తరువాత వేడివేడిగా పెట్టాలి కదా.”

ఆమె గడప మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తల్లి ఎందుకు పొద్దుగూకి వచ్చేదో ఆమె ఆలోచిస్తున్నదని నాకు అర్థమైంది.

మూట విప్పి పళ్ళెంలో బోర్లించి, బెల్లం పాకం పోసి ఒక ముక్క ఇచ్చాను. ఆమె నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. “ఇది మా అమ్మ మూటకుడుమే!” అంది.

అప్పుడు చెప్పింది. పండుగ మరునాడు నాయనమ్మ ఇంటి దగ్గర జొన్నపిండిలో బెల్లం, దుకాణంలో అడిగి తెచ్చిన మేక కొవ్వు కలిపి, పాతగుడ్డలో మూటగట్టి, కుండలో ఉడికించి పిల్లలకు పెట్టేదట. “అలిసిపోయి, చేతికందింది మూటగట్టి ఉడకేసిందనుకున్నం బిడ్డా. అది పుడ్డింగని మాకు ఎవలు చెప్పిన్రు?” అని కళ్ళు ఒత్తుకుంది.

మైదా లేదు, కిస్‌మిస్‌లు లేవు, కాలువ నీళ్ళు అప్పటికి రాలేదు. ఉన్నవాటితోనే ఆ తల్లి బంగళా వంటను తన పిల్లల కోసం మళ్ళీ వండింది. పేరు మాత్రం చెప్పలేదు. ఆ ఆలోచనలోనే నాకు దోర్నకల్లు దేవాలయం గుర్తుకు వచ్చింది. బిషపు అజరయ్యగారి కాలంలో, 1939లో ప్రతిష్ఠించిన ఆ దేవాలయాన్ని మన దేశపు గుమ్మటాలతో, స్తంభాలతో కట్టారు. వచ్చినదానిని మన మట్టిలో మనదిగా చేసుకోవడం పెద్దలే కాదు, చదువురాని వంటమనుషులూ చేశారు. వారి సంగతి ఏ శిలాఫలకం మీదా లేదు.

ప్రియులారా, మీ ఇంటిలో కూడా తల్లి మీదనో తండ్రి మీదనో పాత కోపం ఒకటి ఉండవచ్చు. వారు నిలబడిన పొయ్యి దగ్గర ఒక రెండు గంటలు నిలబడి చూడండి. ఆ రాత్రి అత్తమ్మ మిగిలిన ముక్క గిన్నెలో మూసిపెట్టి, “రేపు జొన్నపిండితోని నేను చేస్త, నువ్వు తినిపో” అంది. నేను బస్సు ఒక పూట ఆలస్యంగా ఎక్కాను.