నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా

హైదరాబాదు వెళ్లామంటే మనం చూసేవి ఏముంటాయి? చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిరం. పిల్లలుంటే జూ పార్కు. ఈసారి ఆగస్టు నెలాఖరులో మీ చుట్టాలింటికి వెళ్లే పని పడితే, ఒక్క ఆదివారం మటుకు తెల్లవారుజామునే లేచి నెక్లెస్ రోడ్డుకి వెళ్లి చూడండి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పీపుల్స్ ప్లాజా దగ్గర, ఇంకా చీకటి వీడకముందే, వేలమంది కనిపిస్తారు. అందరి ఛాతీ మీదా ఒక నంబరు కాగితం. కొందరు కాళ్లు చాపుకుంటూ, కొందరు బూట్ల తాళ్లు బిగించుకుంటూ, ఇంకొందరు దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఉంటారు. అదే హైదరాబాద్ మారథాన్. 2011 నుంచి జరుగుతోంది.

మారథాన్ అనగానే ఒలింపిక్ క్రీడాకారులే గుర్తొస్తారు మనకి. కానీ ఇక్కడికొచ్చేవాళ్లలో చాలామందికి బహుమతుల మీద ఆశేం ఉండదు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, కంప్యూటర్ కంపెనీల అమ్మాయిలు, మనలాంటి గృహిణులు, మనవలున్న బామ్మలు కూడా! పూర్తి మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అందులో సగం హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పైమాట. అంత వద్దనుకునేవాళ్లకి 10 కిలోమీటర్ల పరుగు ఉంది.

పరుగు చూడటం ఒక ఎత్తయితే, అయ్యాక వాళ్లు చెప్పుకునే కబుర్లు వినడం ఇంకో ఎత్తు. "నీ టైమెంత?" అన్న ప్రశ్నతో మొదలవుతాయి. ఆ కబుర్లు అర్థం కావాలంటే ముందు దారి తెలియాలి. రండి, హాఫ్ మారథాన్ దారిలో ఒకసారి మనమూ వెళ్లొద్దాం.

దారి పొడవునా పరీక్షే

ఏటా అక్కడా ఇక్కడా కాస్త మారినా ఈమధ్య ఏళ్లలో దారి ఇంచుమించు ఇదే. మొదలు నెక్లెస్ రోడ్డు. 2021లో దీనికి పీవీ నరసింహారావు మార్గ్ అని పేరు పెట్టారు గానీ జనం నోట్లో ఇంకా పాత పేరే ఉంది. సాగర్ మధ్యలో బుద్ధుడు. 1990లో నీళ్లలో మునిగిపోయి, రెండేళ్లకు పైగా అడుగునే ఉండి, 1992 డిసెంబరులో లేచి నిలబడ్డ విగ్రహమది. చల్లటి గాలి, చదునైన రోడ్డు. కాళ్లు వాటంతటవే పరుగు తీస్తాయి. ఖైరతాబాదు ఫ్లైఓవర్ ఎక్కి దిగితే రాజ్‌భవన్ రోడ్డు. ఆ రోజుల్లోనే ఖైరతాబాదులో పెద్ద వినాయకుడి తయారీ కూడా జరుగుతూ ఉంటుంది.

తర్వాత పంజాగుట్ట ఫ్లైఓవర్. అక్కణ్ణుంచి కథ మారుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా రోడ్డు మెల్లగా పైకే పోతుంది. కారులో వెళ్లేటప్పుడు ఈ ఎత్తు మనకి తెలియనే తెలియదు. పరుగెత్తే కాళ్లకి ప్రతి అడుగూ తెలుస్తుంది. పేరులోనే హిల్స్ ఉన్నాయి మరి! చెక్‌పోస్టు దాటి 45వ నంబరు రోడ్డు మీదుగా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ వంతెన మీద ఫోటోలు తీసుకోని వాళ్లుండరు. అక్కణ్ణుంచి మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ కూడలి, చివరికి గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడల అథ్లెటిక్స్ పోటీలు జరిగింది ఇక్కడే. అంత పెద్ద స్టేడియంలోకి చెమట్లు కక్కుతూ, వగరుస్తూ ఒక సాధారణ గృహిణి పరుగెత్తుకుంటూ రావడం చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

దీనికి తోడు ఉక్క. ఆగస్టు పొద్దుటిపూట ఎండ లేకపోయినా గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరితేనేగా ఒళ్లు చల్లబడేది! అందుకే ఇక్కడి టైమునీ ఇంకో ఊరి టైమునీ పక్కపక్కన పెట్టి చూడకూడదంటారు తెలిసినవాళ్లు. విజయవాడ నుంచి వచ్చిన ఒక లెక్చరర్‌గారు తమ ఊళ్లో చదునైన రోడ్డు మీద 21 కిలోమీటర్లూ 2 గంటల 20 నిమిషాల్లో పరుగెత్తుతారట. ఇక్కడ 2 గంటల 36 నిమిషాలు పట్టింది. "బందరు రోడ్డు మీద నేర్చుకున్న పరుగు జూబ్లీహిల్స్‌లో చెల్లలేదండీ" అని నవ్వేశారావిడ. వచ్చే ఏడాదికి ఇంద్రకీలాద్రి మెట్లెక్కడం మొదలుపెడతారట.

జీతం డబ్బులు మొదటి వారంలోనే ఖర్చు పెడితే?

స్టేడియంలో గడ్డి మీద కూలబడి మెడల్ చూసుకుంటున్నవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే ఎన్నెన్ని సంగతులో! ఇక్కడ చిన్న వివరం. నంబరు కాగితానికి చిన్న చిప్ అతికించి ఉంటుంది. మొదలుపెట్టే గీత దాటినప్పుడు, మధ్యలో కొన్నిచోట్ల, చివరి గీత దగ్గర అది టైము నమోదు చేస్తుంది. వెనక వరసలో నిలబడ్డారని మీకేం నష్టం లేదు. మీరు గీత దాటినప్పటినుంచే మీ లెక్క.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చినావిడకి 44 ఏళ్లు. హాఫ్ మారథాన్ ఇది రెండోసారి. కిందటేడు 2 గంటల 41 నిమిషాలు. ఈసారి 2 గంటల 49. ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టిందని ఇంట్లో పిల్లలు ఒకటే ఆటపట్టించడం. ఆవిడ మాత్రం ఫోనులో వచ్చిన లెక్క తీసి చూపించారు. మొదటి 5 కిలోమీటర్లు 34 నిమిషాలు. చివరి 5 కిలోమీటర్లు 46 నిమిషాలు! "చూశారా, నెక్లెస్ రోడ్డు మీద అందరూ ఉరుకుతుంటే నేనూ ఉరికాను. జీతం రాగానే మొదటి వారంలోనే చీరలు కొనేసి, నెలాఖరుకి పోపులడబ్బాలో చిల్లర వెతుక్కున్నట్టయింది నా పని" అన్నారు.

ఇంత చక్కగా చెప్పగలరా ఏ కోచ్ అయినా? వచ్చే ఏడాది మొదటి 5 కిలోమీటర్లు కావాలనే 38 నిమిషాల్లో పరుగెత్తుతానని అప్పుడే లెక్క వేసుకున్నారు. మొదట్లో మిగిల్చుకున్న ఓపిక జూబ్లీహిల్స్ ఎత్తు దగ్గర అక్కరకొస్తుంది కదా.

ఇంకొకావిడ మల్కాజిగిరి వాసి, రిటైరైన టీచరు, 61 ఏళ్లు. 10 కిలోమీటర్లు, కాస్త పరుగు, కాస్త నడక. కిందటేడు గంటా 34 నిమిషాలు, ఈ ఏడూ గంటా 34 నిమిషాలే. "ఏమీ మెరుగు కాలేదా అమ్మా?" అని ఎవరో అడిగితే ఆవిడ జవాబు వినండి. "ఏడాది వయసు పెరిగింది, టైము పెరగలేదు. ఇంకేం కావాలి నాయనా!"

బస్సెక్కి వచ్చిన అమ్మాయి

అందరి కథా మెడల్‌తోనే ముగియదు. కూకట్‌పల్లి అమ్మాయి ఒకామెకి 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నాలుగు నెలలు పొద్దున్నే నాలుగున్నరకు లేచి సాధన చేసింది. ఆదివారాలు 18 కిలోమీటర్ల దాకా కూడా పరుగెత్తింది. తీరా ఆ రోజు 14 కిలోమీటర్లు దాటాక పిక్కలు పట్టేశాయి. అడుగు పడలేదు. నిర్వాహకుల బస్సులో స్టేడియం చేరి, ఒక మూల కూర్చుని ఏడ్చేసింది.

ఏమైందని నెమ్మదిగా అడిగితే, కారణాలు కాళ్లలో లేవని తేలింది. శుక్రవారం శ్రావణ పేరంటం. పొద్దుటినుంచీ ఉపవాసం, సాయంత్రం ముప్ఫైమందికి తాంబూలాలు. శనివారం ఊరినుంచి ఆడపడుచు కుటుంబం. వంటిల్లు సర్దుకుని పడుకునేసరికి రాత్రి పన్నెండు. మూడింటికి లేచింది. అన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. దారిలో బాత్రూం ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో అన్న బెంగతో ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు సరిగా తాగలేదు!

ఈ బెంగ మనకి కొత్తా చెప్పండి? పెళ్లికి బస్సులో వెళ్లినా, తిరుపతి క్యూలో నిలబడినా మనం చేసే పని ఇదే. నీళ్లు మానేయడం. నడిచేటప్పుడు చెల్లిపోతుందేమో గానీ 21 కిలోమీటర్ల పరుగులో, ఆ ఉక్కలో, ఒళ్లు ఊరుకోదు.

అదే శుక్రవారం, అదే శనివారం మగవాళ్లకీ వచ్చాయి. వాళ్లు ఆఫీసు నుంచి వచ్చి, తొమ్మిదింటికే పడుకుని, ఆదివారం పరుగెత్తారు. 2023లో అయితే మరీ విడ్డూరం. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25 శుక్రవారం, పరుగు 27 ఆదివారం. ఆ మధ్యలో ఉన్న ఒక్క శనివారం ఎంతమంది ఆడవాళ్లకి విశ్రాంతి దొరికి ఉంటుందంటారు? చిప్ చెప్పే టైములో కాళ్ల బలం ఒక్కటే ఉండదు. ఆ నాలుగు నెలలూ ఆమెకంటూ ఇంట్లో ఎంత టైము దొరికిందన్నది కూడా అందులో ఉంటుంది. మల్కాజిగిరి టీచరుగారి భర్త ఆ వారమంతా తనే కాఫీ పెట్టుకుని, శనివారం రాత్రి పెరుగన్నం కలిపి ఆవిడకి పెట్టి, ఎనిమిదింటికే లైటు ఆర్పేశారట. ఆ గంటా 34 నిమిషాల్లో ఆయన వాటా లేదనగలమా?

కూకట్‌పల్లి అమ్మాయి ఇంట్లో మొదట "మనకెందుకీ పరుగులు?" అన్నారు. ఆ అమ్మాయి వాదించలేదు. రెండు వారాలాగి, తన నోటు పుస్తకం తీసి అత్తగారికి చూపించింది. ఏ రోజు ఎంత పరుగెత్తిందీ, ఏ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందీ అన్నీ అందులో రాసుంది. పరుగుకి ముందు వారం నిద్ర లెక్క చూసి అత్తగారు కాసేపు మాట్లాడలేదట. తర్వాత "వచ్చే ఏడు ఆ రెండు రోజులూ చుట్టాల సంగతి నేను చూసుకుంటాలే" అన్నారట. భర్త ఇంకా అవుననలేదు, కాదనలేదు. అమ్మాయి మాత్రం మళ్లీ ఆదివారాలు బయల్దేరుతోంది.

మన అమ్మల కాలంలో

ఆడవాళ్లు ఇంత దూరం పరుగెత్తడం లోకానికే కొత్త విషయం. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన ఆడవాళ్లు అలసిపోయారని గోల చేసి, 1960 దాకా ఆ పోటీనే తీసేశారు! 1967లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ నంబరు వేసుకుని పరుగెత్తుతుంటే, ఒక నిర్వాహకుడు వెంటపడి ఆమెని బయటికి లాగబోయాడు. ఆమె ఆగలేదు, చివరిదాకా వెళ్లింది. 1972లో గానీ అక్కడ ఆడవాళ్లని అధికారికంగా రానివ్వలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ మొదలైంది 1984లో. అంటే మనలో చాలామంది పుట్టాకే! అందుకని బస్సెక్కి వచ్చినా సరే, గీత దగ్గర నిలబడటమే ఓ గెలుపు.

మీకూ సరదాగా ఉందా?

ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుని అడగండి. మొదటి రెండు నెలలు నడకే. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు. చీరకి పెట్టే ఖర్చులో కొంత మంచి బూట్లకి పెట్టండి. నీళ్లు మానకండి, అలాగని బిందెలకొద్దీ తాగకండి. దాహాన్ని బట్టి గుక్కెడు గుక్కెడు, మధ్యలో ఓఆర్ఎస్ కలిపినవి. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ ఎటూ ఉంది.

ఒక పాత నోటు పుస్తకం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఎంత దూరం, ఎంత సేపు, రాత్రి ఎంత నిద్ర. పాలవాడి లెక్క, చాకలి పద్దు ఇన్నేళ్లూ రాసినవాళ్లం, మన లెక్క ఒకటి రాసుకోలేమా? మూడో గడి మటుకు ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి.

పరుగు వద్దనుకుంటారా, చూడటానికైనా వెళ్లండి. చెక్‌పోస్టు ఎత్తు దగ్గర నిలబడండి. నంబరు కాగితం మీద పేరు కూడా ఉంటుంది. మీకు తెలియని ఆవిడైనా సరే, పేరు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టండి. ఆ ఎత్తు మీద ఆ పిలుపు ఎంత పనిచేస్తుందో ఎక్కినవాళ్లనడిగితే చెబుతారు.