పసుపు నీళ్ళు

మా అయ్య తోలు కుట్టేవాడు. నేను ఇంజన్లు విప్పుతాను. ఇద్దరం బతికింది కారేదాన్ని ఆపే పని మీదే.

గుంటూరు జిల్లాలో మా ఊరి ఆసాములకి మోటబాన కుట్టిచ్చింది అయ్యే. తంగేడు చెక్కలో ఊరిన తోలు, ఆరె, రంపె, ఇంత ఆముదం. కుట్టిన బానలో నీళ్ళు పోసి వేలాడదీసేవాడు. అడుగున చుక్కలు రాలుతుంటే నేను అడుగునే వెతికేవాణ్ణి. "చుక్క రాలేకాడ చూత్తావేందిరా, దిగొచ్చేకాడ చూడు" అనేవాడు. ఏడాదంతా చేసిన చాకిరీకి కళ్ళంలో వాళ్ళు కొలిచిందే మేర. ఎంత కొలుస్తారో వాళ్ళిష్టం. కరెంటు మోటార్లొచ్చాక బాన పోయింది, మేరా పోయింది. అయ్య ఆరెని చూరులో దోపేశాడు.

పదో తరగతి తప్పి 1985లో బెజవాడ ఆటోనగర్లో పనికి చేరాను. ఆ జూలైలోనే కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. తాగే చెరువు నీళ్ళు పాడుచెయ్యొద్దన్న మాట దగ్గర మొదలైంది ఆ గొడవ. కిరసనాయిల్లో బోల్టులు కడిగే చేతుల్తోనే ఆ పేపరు పట్టుకుని చదివాను.

తొమ్మిదేళ్ళకి మా ఊరి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. 1994 ఎండాకాలంలో ఒక ఆసామి కబురంపాడు. ఆయన పాత అంబాసిడర్ పది మైళ్ళకే ఉడికిపోతోంది. కింద ఆయిలు మడుగు కడుతోంది. పట్నం మేస్త్రీ ఇంజను దించాలన్నాడట. ఎవరో చెబితే రేడియేటర్లో పిడికెడు పసుపు కూడా పోశారు. పసుపు చిల్లుని కాసేపు పూడ్చే మాట నిజమే. దాంతోపాటు రేడియేటర్లో సన్నగొట్టాల్ని కూడా పూడ్చేస్తుంది.

ఇంజను చల్లారేదాకా మూత ముట్టలేదు. వేడి మీద తీస్తే మొహం ఉడికిపోద్ది. ముందు కిరసనాయిలుతో ఇంజనంతా కడిగి, తుడిచి, సుద్దపొడి చల్లి స్టార్టు చేయించాను. తెల్లటి పొడి మీద నల్లటి గీత దిగింది. అందరూ తప్పు పట్టింది అడుగునున్న సంపుని. గీత మొదలైంది పైన, టాపెట్ కవరు వెనక మూల. కార్కు గాస్కెట్ ఎండి రాయైపోయింది. కారుతోందని నట్లు బిగించి బిగించి కవరునే వంచేశారు.

నీళ్ళు పోయేది వాటర్ పంపు కిందున్న సన్న బెజ్జంలోంచి. దాన్ని మూసేవాళ్ళున్నారు. మూయకూడదు. లోపల సీలు పోయిందని చెప్పడానికే ఉందది. ఏళ్ళ తరబడి ఉత్త బావినీళ్ళు పోశారు, లోపలంతా తుప్పు. కూలెంటు కలిపితే తుప్పు పట్టదు, నీళ్ళు తొందరగా మరగవు. రేడియేటర్ దించి కిందనించి పైకి నీళ్ళు పట్టిస్తే పసుపు ముద్దలు ముద్దలుగా పడింది.

కొత్త పంపు తెచ్చి, దాని గాస్కెట్ ఇంటి దగ్గర అట్టతో కత్తిరిస్తుంటే బోల్టుల బెజ్జాలు సరిగా రాలేదు. అయ్య లేచి చూరులోంచి ఆరె తీశాడు. పొడిచింది ఆయనే. ఒక్క బెజ్జమూ పక్కకి పోలేదు.

మర్నాడు అన్నీ బిగించాక దాహమేసింది. ఆ ఇంటామె గడప లోపల్నించే నా దోసిట్లోకి ఎత్తు నించి నీళ్ళు పోసింది. అంతలో ఆసామి, "ఏరా, రేడియేటర్లో నువ్వే పొయ్యి, గాలి నిలవకుండా" అన్నాడు. పోశాను. వాళ్ళ ఇంజను నా చేతి నీళ్ళు తాగింది.

క్లచ్ హౌసింగు కింద ఇంకా ఒక చుక్క వేలాడుతోంది. "నువ్వు ముట్టుకున్నాకా కారుతోందే" అన్నాడు. ఆ పాత ఇంజనుకి క్రాంకు వెనక రబ్బరు సీలు ఉండదు. మరలాంటి గాడి తిరుగుతూ ఆయిల్ని లోపలికి తోస్తుంది. కొంచెం చెమ్మ రాక తప్పదు. "అది దాని పుట్టుకలోదండీ, నేను ముట్టుకుంటే వచ్చింది కాదు" అన్నాను. ఆయన నా మొహంకేసి చూశాడు.

డబ్బులడిగితే "కళ్ళంలో చూద్దాంలే" అన్నాడు. నా కాళ్ళు వణికాయి. "మేర కాదండీ, పనికి డబ్బులు" అన్నాను. కారు తాళంచెవి నా జేబులోనే ఉంది, ఇవ్వలేదు. చాలాసేపటికి నోట్లు అరుగు మీద పెట్టాడు. తాళంచెవి నేనూ ఆ అరుగు మీదే పెట్టాను.

గేటు దాటుతూ వెనక్కి చూస్తే, నేను కూర్చున్న చోట ఆమె పసుపు నీళ్ళు చల్లుతోంది. రేడియేటర్లోంచి నేను కడిగి పారబోసిందీ ఆ పసుపే.

అయ్య నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. "అడిగితే ఇచ్చారా?" అన్నాడు. ఆ రాత్రి ఆరెని మళ్ళీ చూరులో పెట్టలేదు.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు అయ్య లేడు. ఆరె నా పనిముట్ల పెట్టెలో ఉంది. పని నేర్చుకోడానికొచ్చే పిల్లలు ఇంజను కింద దూరి, చుక్క రాలేకాడే చెయ్యి పెడతారు. పైకి రమ్మంటాను. ముందు తుడవమంటాను.