ముందు కాళ్ళు, తర్వాతే పళ్ళెం

సారె లేకుండా చేత్తో చేసే మట్టిపాత్రలకు కాళ్ళు ఎలా ఉండాలన్న సంగతి చాలాకాలం నేను ఫోన్‌కు వదిలేశాను. పాత్ర పని అంతా అయ్యాక చేతులు కడుక్కుని బొమ్మలు చూసేదాన్ని. పులి పంజాలు, గుండ్రటి ఉండలు, మెలితిరిగిన స్తంభాలు, ఆకులు. ఏది నచ్చితే దాన్ని మిగిలిన మట్టితో అలాగే చేసి అడుగున అంటించేదాన్ని. అక్కడే తప్పు చేస్తున్నానని నాకు తెలిసేసరికి మా వాళ్ళ పండుగ ఒకటి పాడైంది.

మాది సిరిసిల్ల వైపు పద్మశాలి కుటుంబం. తాత రోజుల్లోనే గుంటమగ్గం వదిలి సూరత్ వచ్చేశాం. లింబాయత్, ఉధనా గల్లీల్లో నడిస్తే మరాఠీ, ఒడియా, హిందీల నడుమ కరీంనగర్ యాస ఇప్పటికీ చెవిన పడుతుంది. బాపు జీవితమంతా సాంచాల, అంటే మరమగ్గాల, మధ్యే గడిచింది. నేను ముప్పై దాటాక మట్టి పట్టాను. మట్టిని కర్రతో పలకగా ఒత్తడం, తాళ్ళుగా పేని ఒకదాని మీద ఒకటి చుట్టడం, ముద్దను బొటనవేలితో లోపలికి నొక్కి గిన్నె తీయడం. నా పని అంతా ఈ మూడింటితోనే. కాల్చడానికి ఊళ్ళోనే ఒకరి ఎలక్ట్రిక్ బట్టీలో చోటు అద్దెకు తీసుకుంటాను.

పాత్రకు కాళ్ళు ఎందుకంటే మొదట్లో అందానికి అనేదాన్ని. అందం ఉన్న మాట నిజమే. అడుగున కాస్త ఎత్తు ఇస్తే కింద నీడ పడుతుంది. ఆ నీడ వల్ల బరువైన పళ్ళెం కూడా నేలను అంటీ అంటనట్టు కనిపిస్తుంది. కానీ కాళ్ళకు వేరే పనులు చాలా ఉన్నాయి. వేడి గిన్నెకూ బల్లకూ మధ్య గాలి ఆడాలి. బట్టీలో గ్లేజ్ కరిగి జారితే అరకు అంటుకోకుండా పాత్రను పైకి పట్టి ఉంచాలి. వెడల్పాటి పలక మెత్తబడినప్పుడు కుంగకుండా మోయాలి. ఈ పనులేవీ ఆలోచించకుండా నేను బొమ్మలు వెతికాను.

మొదట మోజుపడింది సంఖేడా కాళ్ళ మీద. వడోదర దగ్గరి ఆ ఊరి టేకు సామాను గుజరాత్‌లో చాలా ఇళ్ళలో ఉంటుంది. చెక్కను తరిణె పట్టి, లక్క రంగు పూసి, దాని మీద బంగారు రంగు నగిషీ దిద్దుతారు. ఊయల బల్లల కాళ్ళు ఒకచోట పూసలా ఉబ్బి, ఒకచోట సన్నగా నడుము తీరి, మళ్ళీ విచ్చుకుని ఎంతో సొంపుగా ఉంటాయి. నేను అవే మట్టిలో చేసి ఒక పొడవాటి ట్రేకు పెట్టాను. బట్టీ నుంచి చక్కగానే వచ్చింది. బల్ల మీద ఒకసారి పక్కకు జరిపానో లేదో, రెండు కాళ్ళు సన్నని నడుము దగ్గర పుటుక్కుమన్నాయి.

కర్రకు పొడుగునా నార ఉంటుంది. నడుము ఎంత సన్నం చేసినా ఆ నార పట్టి ఉంచుతుంది. మట్టికి నార లేదు. పైనుంచి పడే బరువును కాలిన మట్టి బాగానే మోస్తుంది. పక్క నుంచి తోపు తగిలితే మాత్రం ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ విరుగుతుంది. నేను సంఖేడా పనివాడి ఆకారాన్ని తెచ్చుకున్నాను, అతని చేతిలోని కర్రను తెచ్చుకోలేదు. ఇంత చిన్న సంగతి కూడా అప్పుడు నాకు తట్టలేదు. మట్టి సరిగా పిసకలేదేమో, గాలి బుడగలు ఉండిపోయాయేమో అనుకుని అదే దారిలో ముందుకు పోయాను.

ఆ ఏడు పెద్దమ్మ బతుకమ్మకు ఇత్తడి తాంబాళం బదులు నా చేతి మట్టి పళ్ళెం కావాలంది. అంతకంటే గౌరవం ఏముంటుంది? మూరెడు వెడల్పున గుండ్రటి పళ్ళెం చేసి, అంచుకు తంగేడు పూల నమూనా గీశాను. దాని మీదే రోజులు గడిచాయి. కాళ్ళ సంగతి గుర్తొచ్చేసరికి పళ్ళెం చాలావరకు ఆరిపోయింది. అయినా మెత్తని మట్టితో నాలుగు కాళ్ళు చేసి, గీతలు గీసి, మట్టి గుజ్జు పూసి అతికించాను. ఆరిన పళ్ళేనికి కుంచించుకోవడం దాదాపు అయిపోయింది, కాళ్ళకు అప్పుడే మొదలైంది. అతుకు చుట్టూ వెంట్రుక వాసి పగుళ్ళు వచ్చాయి. వాటిని మట్టి గుజ్జుతో పూడ్చి, మీద గ్లేజ్ పోశాను. ఎవరికీ కనిపించదనుకున్నాను. తెలిసి తెలిసి చేసిన పని అది.

సద్దుల రోజు సాయంత్రం గల్లీ మొగదల సిమెంటు నేల మీద బతుకమ్మను దించగానే పళ్ళెం ఊగింది. నాలుగు కాళ్ళలో ఒకటి నేలను తాకడం లేదు. పెద్దమ్మ ఏమీ అనకుండా ఒక గుడ్డ పీలిక మడిచి కింద పెట్టింది. సూరత్‌లో తంగేడు దొరకడం కష్టం, ఎక్కువగా బంతీ చామంతీ పేర్చాం. తడి పూలు గోపురంలా లేచాయంటే బరువు తక్కువుండదు. పాటలు అయ్యాయి, నీళ్ళలో విడవడానికి పళ్ళెం ఎత్తుతుంటే ఒక కాలు నేల మీదే ఉండిపోయింది. పళ్ళెం ఒరిగింది, పైనున్న పసుపు గౌరమ్మ జారింది. పక్కనున్న అమ్మాయి చేయి అడ్డం పెట్టకపోతే అంతా నేలపాలయ్యేది.

"నేల మంచిగ లేదు బిడ్డా, నీదేం తప్పు లేదు," అంది పెద్దమ్మ. పగులు పూడ్చింది నేనే అని అందరి ముందూ చెప్పలేకపోయాను. మరునాడు వాళ్ళింటికి పోయి చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "మీ బాపు సాంచా పెట్టేటప్పుడు ఎంతసేపు కిందనే కూసుంటుండె, యాదికుందా?" అంది.

యాదికి ఉంది. చిన్నప్పుడు చూశాను గానీ దాన్ని చదువు అనుకోలేదు. కొత్త సాంచా రాగానే బాపు దారం వైపు చూసేవాడు కాదు. నేల మీద బోర్లా పడుకుని కాళ్ళు చూసేవాడు. మట్టం గొట్టం పెట్టి, ఎత్తు తక్కువైన కాలి కింద చెక్క ముక్కో రబ్బరు పట్టో దూర్చి, బోల్టు బిగించి, అరచేత్తో తట్టి మళ్ళీ చూసేవాడు. ఒక్క కాలు వదులుగా ఉన్నా అదురు మొత్తం పైకి పాకుతుంది, నాడె దారి తప్పుతుంది, బట్టలో లోపం వస్తుంది. నేత నేర్చిన ఇంట్లో పుట్టి, పని కింది నుంచి మొదలవుతుందన్న సంగతి మట్టి దగ్గరికి వచ్చేసరికి మరిచాను.

అప్పటి నుంచి ఫోన్ బొమ్మలు మాని, నిజంగా బరువు మోస్తున్నవాటిని వంగి చూడడం అలవాటు చేసుకున్నాను. తాపీ అవతలి ఒడ్డున రాందేర్ పాత ఇళ్ళ ముందు చెక్క స్తంభాలు నేరుగా నేలలో దిగవు. ప్రతి స్తంభం కిందా ఒక రాతి దిమ్మ ఉంటుంది, స్తంభం కంటే వెడల్పుగా. నేల చెమ్మ చెక్కకు ఎక్కకుండా రాయి ఆపుతుంది, పైబరువును నేల మీద పరుస్తుంది. చాలా దిమ్మలు కింద చదరంగా మొదలై, పైకి వచ్చేకొద్దీ అంచులు కోసుకుంటూ గుండ్రమవుతాయి. ఆ కోత నా పుస్తకంలో ఎన్నోసార్లు గీసుకున్నాను. నా ట్రేల కాళ్ళు ఇప్పుడు పొట్టిగా, కింద వెడల్పుగా ఉండడానికి కారణం ఆ రాళ్ళే.

చలికాలంలో వల్సాడ్, డుంగరీ వైపు హైవే పక్కన ఉంబాడియుం అమ్ముతారు. పాపడి చిక్కుళ్ళు, కంద, చిలగడదుంపలు కుండలో నింపి, ఆకులతో మూతి మూసి, కుండను బోర్లించి చుట్టూ మంట వేస్తారు. వరసగా బోర్లించిన ఆ కుండల అడుగులను దగ్గరగా చూస్తే ఎక్కడా మూల లేదు, అంచు లేదు. మంట సమంగా తాకడానికీ, వేడికి పగలకుండా ఉండడానికీ ఆ గుండ్రటి అడుగే మేలు. మన ఇళ్ళలోనూ కుండలు అంతే. మూడు రాళ్ళ పొయ్యి మీద అవి చక్కగా కూర్చుంటాయి. పొయ్యి దిగాక అమ్మ పాత చీరను మెలిపెట్టి చేసిన చుట్టకుదురు ఉంటుంది. కాళ్ళు లేని పాత్రకు నిలకడను విడిగా ఇచ్చారు. దక్షిణాదిలో రాకాసిగుళ్ళు అనే పాత రాతి సమాధుల తవ్వకాల్లో కాల్చిన మట్టి కుదుళ్ళే దొరికాయి, నలుపు ఎరుపు కుండల పక్కనే. ప్రతి పాత్రకూ కాళ్ళు ఉండి తీరాలన్న పట్టుదల నాకు అక్కడితో పోయింది. కొన్ని గిన్నెలకు ఇప్పుడు విడి కుదురే చేసిస్తాను.

అవే సమాధుల్లో కాళ్ళున్న మట్టి శవపేటికలూ దొరుకుతాయి. కడప జిల్లా శంకవరంలో దొరికిన, జంతువు ఆకారంలో ఉన్న పేటిక చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఈ పేటికల కాళ్ళు పొట్టివి, బోలువి. నాలుగు మూలల్లో నాలుగు పెట్టి ఊరుకోలేదు, అడుగంతటా వరసలుగా పెట్టారు. వెడల్పాటి మట్టి కుంగకుండా ఉండాలంటే మధ్యలోనూ ఆసరా కావాలని చేసినవాళ్ళకు తెలుసు. నా ట్రేలు 1220 డిగ్రీల దగ్గర నడుమ ఎందుకు కుంగాయో నాకు అర్థమైంది ఆ వరసలను చూశాకే. కాళ్ళు మరీ అంచుకు పెడితే నడుమ దిగుతుంది, మరీ లోపలికి పెడితే అంచులు వాలతాయి.

నా పనిని అన్నిటికంటే ఎక్కువ మార్చింది మాత్రం గుర్రాలు. దక్షిణ గుజరాత్ అడవి పల్లెల్లో గామిత్, చౌధరీ, వసావా జనం మొక్కు తీరితే దేవుడి దగ్గర మట్టి గుర్రాలు పెడతారు. 1934లో అప్పటి సూరత్ జిల్లా వాలోడ్‌లో పుట్టిన హకూ షా ఈ మొక్కుబడి మట్టిబొమ్మల వెంట ఏళ్ళ తరబడి తిరిగాడు. 1985లో వచ్చిన ఆయన పుస్తకం 'వోటివ్ టెర్రకోటాస్ ఆఫ్ గుజరాత్' నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. వాలోడ్ ఇప్పుడు తాపీ జిల్లాలో ఉంది, సూరత్ నుంచి దూరమేమీ కాదు. మన ఊరి పక్కనే పుట్టినవాడు ఇంత శ్రద్ధగా చూసిన మట్టిని నేను ఎక్కడెక్కడి బొమ్మల్లోనో వెతికానని బాధపడ్డాను.

గుర్రం కాళ్ళు గొట్టాలు. కుమ్మరి సారె మీద గొట్టాలు తీసి, వాటితోనే కాళ్ళూ మెడా ఒళ్ళూ కూరుస్తాడు. బోలు కాబట్టి సమంగా ఆరతాయి, బట్టీలో పేలవు. ముద్దగా చేసిన లావు కాలిలో తేమ దాగి, వేడికి ఆవిరై, బయటికి దారి లేక పగలగొడుతుంది. పైగా గుర్రం కాలు ఒంటికి అంటించినట్టు ఉండదు, భుజం నుంచి దిగినట్టు ఉంటుంది. అతుకు దగ్గర మట్టిని రెండు వైపులా లాగి నునుపు చేయడమే అందులోని కిటుకు. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన చైనా 'లీ' పాత్రల్లో ఇదే ఇంకో తీరున కనిపిస్తుంది. మూడు బోలు కాళ్ళూ పాత్ర పొట్టలోంచే ఉబ్బి దిగుతాయి, లోపలి నీళ్ళు కాళ్ళలోకీ పోతాయి, మంట అక్కడే తాకుతుంది. కాలు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం.

ఇప్పుడు నా పని వరస తిరగబడింది. ముందు పాత్ర దేని మీద కూర్చుంటుందో, ఎంత మోస్తుందో అడుగుతాను. తర్వాత కాళ్ళు కాగితంతో కత్తిరించి, అట్టముక్క కింద నిలబెట్టి నేల మట్టానికి కన్ను పెట్టి చూస్తాను, ఎంత నీడ వస్తుందో. నేల ఎగుడుదిగుడైతే మూడు కాళ్ళే. మూడు కాళ్ళ పాత్ర ఊగదు. అయితే అంచు మీద, రెండు కాళ్ళ మధ్య నొక్కితే తిరగబడే ప్రమాదం ఉంది కాబట్టి కాళ్ళను కాస్త బయటికి చాపుతాను. కాళ్ళూ ఒళ్ళూ ఒకే ముద్దలోంచి, ఒకే రోజు. రెండూ సగం ఆరి, ఎత్తితే వంగని దశకు వచ్చాకే అతుకు. ఆ రాత్రి ప్లాస్టిక్ కప్పి ఉంచితే తేమ రెంటికీ సమమవుతుంది. నా మట్టి ఆరి, కాలి పూర్తయ్యేసరికి దాదాపు 12 శాతం కుంచించుకుంటుంది. ఆ కుంచింపులో కాళ్ళు అర మీద ఈడ్చుకుని వంకర పోకుండా, అదే మట్టి పలక ఒకటి కింద పరిచి కాలుస్తాను. పలకా పాత్రా కలిసి కుంచించుకుంటాయి. చివరికి కాళ్ళ అడుగులు గరుకు కాగితం మీద రుద్దుతాను, బల్ల గీసుకుపోకూడదు కదా.

అలంకారపు కాళ్ళంటే నాకు విరోధం లేదు. 16వ శతాబ్దంలో క్యోటోలో చోజిరో సారె లేకుండా చేత్తో మలిచిన రాకు గిన్నెల అడుగు అంచును టీ తాగిన అతిథులు తిప్పి చూడడం మర్యాదగా మారింది. కింద దాగే చోట కూడా చేసినవాడి చేయి కనిపించాలని నేనూ కోరుకుంటాను. పులి పంజా మాత్రం మళ్ళీ పెట్టను. అది ఇత్తడిలో బాగుంటుంది.

పెద్దమ్మకు కొత్త పళ్ళెం ఇంకా బాకీ ఉంది. గుర్రం కాళ్ళలాంటి బోలు గొట్టాలు మూడు, అడుగు తెరిచినవి, పళ్ళెం గోడలోంచే దిగేలా చేస్తున్నాను. స్టోన్‌వేర్ మట్టితో 1220 డిగ్రీలకు పోతే అవి బయటికి విచ్చుకుంటున్నాయి. ఎర్రమట్టితో 1000 డిగ్రీల దగ్గర ఆపితే నిటారుగా నిలుస్తున్నాయి, కానీ పళ్ళెం నీళ్ళు పీలుస్తుంది. అన్నం వడ్డించేదైతే ఒప్పుకునేదాన్ని కాదు. పూలకైతే ఆ పీల్చడం మంచిదే. ఎర్రమట్టితోనే చేస్తానని చెప్పాను. సద్దులకు వారం ముందే తెచ్చి, బియ్యం మూట పెట్టి ఎత్తి చూపించమంది పెద్దమ్మ.