బస్తర్: గోదారికి వరద పంపే నేల

బస్తర్‌కు సముద్రం లేదు. అక్కడి ముఖ్యపట్టణం జగదల్‌పూర్ నుంచి తీరానికి రావాలంటే తూర్పు కనుమలు దిగి, దాదాపు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ చేరాలి. అయినా నీటిని చూసి గుండె ఝల్లుమనాలని కోరుకునేవాళ్లకు, రుషికొండ దగ్గర అలలతో ఆడుకోవడం అలవాటైన కుర్రకారుకు కూడా, నేను చెప్పే చోటు బస్తరే. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన అడవులు, కొండలు, ఏరులు పెనవేసుకున్న ఈ నేల మీద పడే వానలో ఎక్కువ భాగం ఇంద్రావతిగానో, శబరిగానో మన గోదావరిలోకే వస్తుంది. అందుకే బస్తర్ నీటి సంగతి తెలుసుకోవడం మనకు విహారానికి మించిన అవసరం.

ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో దాదాపు 900 మీటర్ల ఎత్తున పుడుతుంది. 535 కిలోమీటర్లు ప్రవహించి, బీజాపూర్ జిల్లా భద్రకాళి దగ్గర గోదావరిలో కలిసేసరికి ఎత్తు 82 మీటర్లకు పడిపోతుంది. జగదల్‌పూర్ పీఠభూమి మీద వరి చేల మధ్య నెమ్మదిగా సాగే ఈ నది, పట్నానికి పడమరగా 38 కిలోమీటర్ల దూరంలో ఒక్కసారిగా ఇసుకరాతి గట్టు మీంచి దూకుతుంది. అదే చిత్రకోట్ జలపాతం. ఎత్తు 95 అడుగులు. వానాకాలంలో వెడల్పు 300 మీటర్ల దాకా విస్తరిస్తుంది. గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఆ అంచు నిండా ఎర్రమట్టి కలిసిన నీరు పొర్లుతుంటే, ఒడ్డున పక్కనున్న మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడాలి. భారతీయ నయాగరా అని దీనికి పేరు. ఎత్తులో నయాగరా దీనికన్నా పెద్దదే. కానీ ఆషాఢ శ్రావణాల్లో చిత్రకోట్ ముందు నిలబడ్డవారికి ఆ పోలికతో పని ఉండదు.

సముద్రపు అలకూ నదిలో లేచే కెరటానికీ ఉన్న తేడా తెలుసుకున్నాకే ఇక్కడికి రావాలి. సముద్రంలో అల ముందుకు పోతుంది, నీరు దాదాపు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. అలల మీద పలకతో ఆడుతూ పడిపోయినవాడికి రెండు అలల మధ్య ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. నదిలో ఇది తారుమారు. కెరటం రాతి వెనక ఒకేచోట నిలబడి ఉంటుంది, నీరు మాత్రం దాని గుండా ఆగకుండా దూసుకుపోతుంది. జలపాతం పాదం దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. పైనుంచి పడే నీరు గాలిని తనతోపాటు లోపలికి లాక్కుపోతుంది. బుడగలు నిండిన ఆ తెల్లటి నీటికి మనిషిని తేల్చే బలం తక్కువ. పైగా అక్కడ ఉపరితలపు నీరు వెనక్కి, జలపాతం వైపే తిరుగుతుంది. ఎంత గజ ఈతగాడైనా అందులో చిక్కితే బయటపడటం కష్టం. వానాకాలంలో చిత్రకోట్ దగ్గర పడవలు ఆపేసేది అందుకే. ఆ నెలల్లో ఒడ్డున నిలబడి చూడటమే సరైన పని, అదే చాలు కూడా.

నీళ్లలోకి దిగాలనుకునేవారు దసరా వెళ్లేదాకా ఆగాలి. వరద తీశాక నీటి రంగు తేటపడుతుంది, జలపాతం పాయలుగా విడిపోతుంది. మెట్లు దిగి మడుగు దగ్గరకు వెళ్తే స్థానిక మత్స్యకారులు పడవ ఎక్కించుకుంటారు. పాయకు దగ్గరయ్యేకొద్దీ తుంపర ముఖాన కొడుతుంది, బట్టలు తడిసి ముద్దవుతాయి, పడవ అంచులు ఊగడం మొదలవుతుంది. పడవ నడిపేవారు తెడ్డు ఆపి వెనక్కి తిప్పితే ఇంకొంచెం ముందుకు పోనివ్వమని బతిమాలకండి. ఆ మడుగులో ఏ మూల నీరు వెనక్కి లాగుతుందో వారికి తెలుసు. ఎండ పడమటికి వాలాక వెళ్తే తుంపరలో ఇంద్రధనుస్సు కనబడే అవకాశం ఎక్కువ.

జగదల్‌పూర్‌కు దక్షిణంగా ఉన్న కాంగేర్ లోయలో నీటి తీరు వేరు. 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ 200 చదరపు కిలోమీటర్ల అడవిలో తీరథ్‌గఢ్ జలపాతం దాదాపు 300 అడుగుల ఎత్తు నుంచి రాతి మెట్ల మీదుగా విరిగి విరిగి దిగుతుంది. చూపులకు సాధువుగా ఉంటుంది కానీ రాళ్ల మీద పాచి ఉంటుంది, వానల్లో కాలు నిలవదు. ఇదే లోయలో నీరు సున్నపురాయిని తొలిచి కుటుంసర్ గుహను చేసింది. లోపలి చీకటి మడుగుల్లో చూపు కోల్పోయిన చేపలున్నాయి. వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది కాబట్టి అప్పుడు మూసేస్తారు.

సాహసం కోరేవారు ఈ లోయలోనే ఉన్న ధుడ్‌మారాస్ గ్రామాన్ని తప్పకుండా చూడాలి. ధుర్వా ఆదివాసుల ఊరిది. ఇక్కడి యువకులే కాంగేర్ నది మీద కయాక్‌లు, వెదురు తెప్పలు నడిపిస్తున్నారు, ఊరివాళ్లే ఇళ్లలో బస ఇస్తున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాలుగా తీర్చిదిద్దేందుకు ప్రపంచవ్యాప్తంగా ఎంచుకున్న 20 ఊళ్లలో ఇదొకటి. బయటి కంపెనీ వచ్చి నదిని అద్దెకిచ్చే పద్ధతికన్నా, ఆ నీటిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవారి చేతిలో తెడ్డు ఉండటమే మేలని నా నమ్మకం. భద్రతకు అదే పూచీ, డబ్బు కూడా ఊళ్లోనే ఉంటుంది.

ఈ నేలతో మన బంధుత్వం పాతది. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. వారి కులదేవత దంతేశ్వరి. శంఖిని, డంకిని నదులు కలిసే దంతెవాడలో ఆమె గుడి ఉంది. ఆ తల్లి పేరిట జరిగే బస్తర్ దసరా 75 రోజుల పండుగ. రావణ దహనం ఉండదు, పెద్ద కొయ్య రథాన్ని జనం తాళ్లతో లాగుతారు. భోపాలపట్నం, కుంట వైపు తెలుగు వినబడుతుంది. వారపు సంతల్లో ఇప్పపువ్వు, మన మన్యంలో జీలుగు కల్లు అనుకునే సల్ఫీ, ఎర్రచీమల పచ్చడి అమ్ముతారు.

నీటి బంధం ఇంకా బలమైనది. భద్రాచలంలో గోదావరి 43, 48, 53 అడుగులు దాటితే ఒకటి, రెండు, మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. 1986లో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. ఎగువన ప్రాణహితతోపాటు 40 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరీవాహకమున్న ఇంద్రావతి పొంగితే భద్రాచలం వణుకుతుంది. దిగువన కూనవరం దగ్గర శబరి పోటు మీద ఉంటే గోదావరి వరద తొందరగా తీయదు. కాంగేర్ లోయలో కురిసిన వాన కూడా ఆ శబరిలోనే కలుస్తుంది. వేసవిలో కథ మారుతుంది. ఒడిశా సరిహద్దున ఇంద్రావతి నీరు జోరా నాలా అనే వాగులోకి మళ్లి శబరికి పోతోందని రెండు రాష్ట్రాల మధ్య ఏళ్లుగా వివాదముంది. ఎండలు ముదిరాక చిత్రకోట్ సన్నటి ధారగా మిగిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి నిరాశ పడొద్దు.

దారులు మూడు. విశాఖ నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అరకు, కోరాపుట్ మీదుగా సొరంగాలు దాటుకుంటూ జగదల్‌పూర్ చేరుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు తెచ్చేందుకు 1960లలో వేసిన లైను ఇది. విజయవాడ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా కాంగేర్ లోయ గుండానే పోతుంది. హైదరాబాద్ నుంచి 163వ నంబరు రహదారి ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటి భోపాలపట్నం చేరుస్తుంది, అక్కడి నుంచి బీజాపూర్, గీదం మీదుగా జగదల్‌పూర్ వెళ్లాలి. ఈ ప్రాంతం దశాబ్దాలపాటు మావోయిస్టు హింసను, ఎదురుకాల్పులను చూసింది. కాబట్టి రహదారి దిగి లోపలి ఊళ్లకు వెళ్లేముందు స్థానికంగా పరిస్థితి కనుక్కోవాలి. పగటిపూటే ప్రయాణించాలి.

ఉధృతి చూడాలంటే జులై నుంచి సెప్టెంబరు, నీటి మీద తిరగాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏ కాలంలో వెళ్లినా లైఫ్ జాకెట్ తొడుక్కోకుండా పడవ ఎక్కకండి, ఫొటో కోసం అంచు దాకా నడవకండి, ప్లాస్టిక్ సీసా ఒక్కటీ నదిలో వదలకండి. అక్కడ వదిలింది ఏదైనా చివరికి మన గోదారిలోకే కొట్టుకొస్తుంది.