ఆగిన తెర దగ్గర పాఠం

శ్రీకాకుళం జిల్లా తీరంలో అదొక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు టీవీ ముందు నేల మీద కూర్చున్నారు. తెర నిండా ఒక చేప. నోరు సగం తెరిచి అలాగే నిలిచిపోయింది. కరెంటు పోలేదు, నెట్ ఆగలేదు. టీచరే ఆపారు.

“నోరు తెరిచింది కదా, నీళ్లు తాగుతోందా?”

తాగుతోందని కొందరు, లేదని కొందరు. “పొద్దస్తమానం అలా తాగితే కడుపు పగిలిపోదా టీచర్?” అని ఒక పిల్లాడు అడిగాడు. టీచర్ జవాబు చెప్పలేదు. నోటుబుక్కులు తీయించి, చేప బొమ్మ గీయమన్నారు. నోట్లోకి వెళ్లిన నీరు ఎటు పోతుందో బాణం గుర్తు వేయమన్నారు. బాణాలు తలో దారి పట్టాయి. కొన్ని పొట్టలోకి, కొన్ని తోక దాకా, ఒకటి వెళ్లిన దారినే వెనక్కి. వెనక వరుసలో ఒక అమ్మాయి మాత్రం బాణాన్ని తల పక్కన బయటికి తీసింది. ఎందుకని అడిగితే, “అమ్మ మొప్ప ఎత్తి సూపిత్తాది గదా టీచర్, అక్కడ సందుంటాది” అంది.

వాళ్లమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊళ్లమ్మట అమ్ముతుంది. మొప్ప ఎర్రగా ఉంటే తాజా చేప, రంగు మారితే నిలవది. ఆ తరగతిలో ఈ పరీక్ష తెలియని పిల్లలు లేరు. అది సైన్సు అని మాత్రం వాళ్లకు అంతవరకూ తెలియదు. టీచర్ అప్పుడు వీడియోను మళ్లీ నడిపారు. నోట్లోకి పోయిన నీరు మొప్పల మీదుగా జారి పక్కనుంచి బయటికి వచ్చింది. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను మొప్పల్లోని రక్తం పట్టుకుంటుందని, ఆ ఎరుపు రక్తానిదేనని ఆమె చెప్పేసరికే పిల్లలు బాణాలు దిద్దుకుంటున్నారు. పాత బాణాన్ని చెరపకూడదు, పక్కనే కొత్తది వేయాలి. అది ఆ తరగతి నియమం.

వీడియో నిడివి కొద్ది నిమిషాలే. పాఠం పీరియడ్ మొత్తం నడిచింది. వ్యాఖ్యానం వినపడకుండా టీచర్ మొదటే శబ్దం తీసేశారు. “ఆ గొంతు వినిపిస్తే పిల్లలు నోరు మూసుకుంటారండీ. మాట్లాడాల్సింది వాళ్లు కదా” అన్నారు. చిన్నపిల్లలకు వీడియోతో చదువు చెప్పడంలో అసలు నైపుణ్యం ఎక్కడ ఆపాలో తెలియడమేనని నాకు అక్కడ గట్టిగా అనిపించింది.

తెర మీద పాఠం తెలుగు పల్లెలకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు మన దేశం సైట్ అనే ప్రయోగం చేసింది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తీగవలతో చేసిన పెద్ద యాంటెన్నాలు పెట్టి, పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరివాళ్లకు చూపించారు. ఏడాది గడిచాక ఉపగ్రహం వెళ్లిపోయింది. అప్పటి బళ్లలో టీచరుకు ఒక ఇబ్బంది ఉండేది. కార్యక్రమం దాని వేగంతో అది నడిచిపోతుంది. పిల్లాడికి ఒక ముక్క అర్థం కాకపోతే వెనక్కి తిప్పే వీలు లేదు, ఆపి ప్రశ్న అడిగే వీలు లేదు. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో వచ్చిన విద్యావారధి పాఠాలకూ, తెలంగాణలో యాదగిరి, టీశాట్ చానళ్లలో వచ్చిన పాఠాలకూ ఇదే పరిమితి. ఇవాళ టీచరు చేతిలో ఆపే మీట ఉంది. ఇన్నేళ్లలో వచ్చిన అసలు మార్పు అదే. కానీ చాలా బళ్లలో ఆ మీట మీద వేలు పడటం లేదు.

ఎందుకు పడటం లేదో ఆ బడి చూస్తే అర్థమవుతుంది. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకటీ రెండూ తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే పక్కన కూర్చోవాలి. ఆ సమయంలో పెద్ద తరగతులను ఏం చేయాలి? టీవీలో ఒక పాటో కథో పెడితే అరగంట చప్పుడు ఉండదు. ఈ ఆశ ఎంత బలమైనదో టీచర్ దాచకుండా చెప్పారు. మొదట్లో ఆమె కూడా అలాగే చేశారట. వారం తర్వాత పిల్లల్ని అడిగితే పాట ట్యూను వచ్చింది, పాఠం రాలేదు. అప్పటినుంచి తాను నిలబడే చోటు మార్చుకున్నారు. టీవీ నడుస్తున్నంతసేపు ఆమె దాని పక్కనే ఉంటారు. ఆమె లేనప్పుడు టీవీ నడవదు. అప్పుడు పెద్ద పిల్లలకు అట్టముక్కల మీద రాసిన పనులు ఉంటాయి. మిగతా టీచర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఐదు తరగతులకు ఇద్దరిని ఇచ్చి, పైన ఒక టీవీ ఇస్తే, అది కాపలా మనిషిగా మారకుండా ఉండటం కష్టమే.

నెట్ సంగతి కూడా చెప్పాలి. సముద్రపు ఒడ్డున సిగ్నల్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. అందుకని ఏ పాఠమూ అప్పటికప్పుడు నెట్‌లో వెతకరు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి కదా, వాటిని ఫోనుతో స్కాన్ చేస్తే కేంద్రం 2017లో మొదలుపెట్టిన దీక్షా వేదికలో ఆ పాఠానికి సంబంధించినవి తెరుచుకుంటాయి. టీచర్ వాటిని ముందురోజే ఇంటి దగ్గర చూసి, పనికొచ్చేవి డౌన్‌లోడ్ చేసుకుని వస్తారు. అన్నీ పనికిరావని నిర్మొహమాటంగా చెప్పారు. కొన్నింటిలో పుస్తకంలోని వాక్యాలనే బొమ్మల మీద చదివేస్తారు. యూట్యూబ్ వీడియో అయితే మొత్తం చూడకుండా తరగతికి తీసుకురారు. ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటును ఆపేసి ఉంచుతారు. చిన్న సంగతే గానీ, మంచి పాఠం చివర పిల్లల చూపును లాక్కుపోయేది అదే.

కథలకు స్టోరీవీవర్ వాడుతున్నారు. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన ఈ వేదికలో తెలుగు బొమ్మల కథలు చాలా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కథను తెర మీద పెట్టి చివరి పేజీకి ముందు ఆపేస్తారు. ముగింపు పిల్లలు రాస్తారు. ఆ మర్నాడు మాత్రమే అసలు ముగింపు చూపిస్తారు. మా ముగింపే బాగుందని పిల్లలు అనే రోజులే ఎక్కువట.

నాకు బాగా నచ్చినది మొలకల వీడియో. గింజ మొలకెత్తడం వేగంగా చూపించే వీడియోలు నెట్‌లో ఎన్నైనా దొరుకుతాయి. ఆమె వాటిని చూపించలేదు. కొబ్బరి చిప్పల్లో ఇసుక, మట్టి కలిపి పెసలు నాటించారు. కిటికీ గట్టు మీద సుద్దముక్కతో గీత గీసి, రోజూ అదే చోట ఫోను ఆనించి, అదే వేళకు ఒక ఫోటో తీయించారు. ఒక్కో రోజు ఒక్కొక్కరి వంతు. ఫోటో తీసినవాళ్లే మొలక ఎత్తును స్కేలుతో కొలిచి గోడ మీది పట్టికలో రాయాలి. చివరకు ఆ ఫోటోలన్నీ ఒక యాప్‌లో వరసగా కూర్చితే, మొలక తలెత్తి కిటికీ వైపు వంగడం కొన్ని సెకన్లలో కనిపించింది. పిల్లలు ఆ కొన్ని సెకన్ల వీడియోను మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. మధ్యలో మొలక కాస్త వాలినట్టు కనిపించే చోట, “ముందురోజు నీళ్లు పొయ్యలేదు టీచర్, ఆదివారం” అని ఒకడు చెప్పాడు. వీడియోలో లోపం ఎక్కడుందో, దానికి కారణం ఏమిటో చెప్పగలిగే పిల్లాడికి ఆ పాఠం వచ్చినట్టే. ఇంకెవరో తీసిన వీడియోను ఎన్నిసార్లు చూసినా వాడికి ఆ ఆదివారం తెలిసేది కాదు.

చదువు వినిపించుకుని తప్పులు చెప్పే యాప్ ఒకటి కూడా వాడి చూశారు. రెండో తరగతి పాప ఊరి యాసలో గడగడా చదివింది. అర్థం చెప్పమంటే తడుముకోకుండా చెప్పింది. యాప్ మాత్రం చాలా మాటల దగ్గర ఆమెను ముందుకు పోనివ్వలేదు. తీరప్రాంతపు ఉచ్చారణకు దాని చెవి అలవాటు పడలేదు. పాప ముఖం చిన్నబోయింది. ఇలాంటివి తయారుచేసేవాళ్లు శ్రీకాకుళం, ఆదిలాబాద్, అనంతపురం పిల్లల గొంతులను వినాలి. అది జరిగేదాకా ఇలాంటి యాప్ ఇచ్చే మార్కును పిల్లల చదువుకు కొలమానంగా తీసుకోవద్దు. ఇక్కడ టీచర్ ఆ యాప్‌ను పక్కన పెట్టి, ఫోనులో ఉన్న మామూలు రికార్డర్ వాడుతున్నారు. పాప చదివింది రికార్డు చేసి తిరిగి వినిపిస్తే, ఎక్కడ తడబడిందో ఆమే పట్టుకుంటోంది.

ఆ రికార్డింగులు వెళ్లే చోటు వేరావల్.

ఈ తీరంలోని మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లోని వేరావల్ హార్బర్‌కు వలస వెళ్లి అక్కడి బోట్లలో పనిచేస్తారు. నెలల తరబడి ఇంటికి రారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుని జైల్లో పెట్టింది. వాళ్లు 2020 జనవరిలో గాని తిరిగి రాలేదు. అలాంటి ఊళ్లలో ఫోనులో వచ్చే గొంతుకు ఉన్న విలువ వేరు. టీచర్ తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పదమూడేళ్లు నిండనివాళ్లు వాట్సాప్ వాడకూడదు కాబట్టి అందులో పిల్లలు లేరు, పెద్దలే ఉన్నారు. వారానికి ఒకసారి ప్రతి బిడ్డ చదివిన ఒక పేరా వాళ్ల నాన్నకు, నాన్నకే విడిగా వెళుతుంది. గ్రూపులో అందరి ముందూ పెట్టరు. ఎవరి పిల్లలు బాగా చదివారనే పోలిక రాకూడదని ఈ జాగ్రత్త.

బడి అరుగు మీద మనవరాలి కోసం కూర్చున్న ఒక మామ్మతో మాట్లాడాను. “మావోడికి సదువు రాదు బాబూ. కూతురు సదివింది మాత్రం ఇంటాడు. ఒకపాలి కాదు, బోటు ఒడ్డుకొచ్చిన కాడ్నించి అదే ఇంటాడట” అంది. ఆ తండ్రులు ఊరుకోలేదు. హార్బర్ ఫోటోలు, మంచు గడ్డలు ఎక్కించే ఫోటోలు పంపారు. వేటకు పోతే ఎన్ని రోజులుంటారో, వంట ఎవరు చేస్తారో గొంతుతో చెప్పి పంపారు. ఐదో తరగతి గోడ మీది భారతదేశ పటంలో శ్రీకాకుళం నుంచి వేరావల్ దాకా ఒక నూలు దారం కట్టి ఉంది. దారి మీద వచ్చే రాష్ట్రాల పేర్లు పిల్లలు చూడకుండా చెబుతున్నారు. సోషల్ మీడియా ప్రాథమిక విద్యకు ఏం చేయగలదని ఎవరైనా అడిగితే నేను ఆ దారాన్ని చూపిస్తాను.

ఊరి పేరూ, టీచర్ పేరూ ఇక్కడ రాయలేదు. ఆమే వద్దన్నారు. పేరు బయటికి వస్తే వీడియోలు అడుగుతారు, వీడియో అంటే పిల్లల ముఖాలు కావాలంటారు అన్నది ఆమె భయం. తరగతిలో పిల్లలతో పాటలు, డాన్సులు తీసి రీల్స్ పెట్టే టీచర్లు ఇప్పుడు ప్రతి జిల్లాలో ఉన్నారు. వాళ్లలో చాలామంది మంచి ఉత్సాహంతోనే చేస్తున్నారు. అయినా తప్పు తప్పే. లెక్క రాక తడబడ్డ ఏడేళ్ల పిల్లాడి వీడియోను లక్షమంది చూసి నవ్వితే, వాడికి పదిహేనేళ్లు వచ్చినప్పుడు అది ఇంకా అక్కడే ఉంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఇక్కడి నియమం చట్టం కన్నా కఠినం. కెమెరాకు చేతులు కనిపించాలి, ముఖాలు కాదు. పిల్లలు ఊళ్లో ఒక తాత వల బాగుచేయడం వీడియో తీశారు. ప్రశ్నలు వాళ్లే రాసుకుని వెళ్లారు. వీడియోలో తాత వేళ్లు, వల, దారం, పిల్లల ప్రశ్నలు ఉన్నాయి. ఒక్క ముఖం లేదు. ఏమీ తక్కువ అనిపించలేదు.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే, ఈ పిల్లలు రేపు తమ సొంత ఫోను పట్టుకుంటారు. అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవాళ్లను అడిగితే, అంతకుముందు వారంలో చదువు పనికి ఫోను వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూశామన్నవాళ్లు 76 శాతం. ఫోనుతో ఏం చేయవచ్చో ఏడేళ్లప్పుడే చేసి చూసిన పిల్లలకు ఆ వయసులో తమంతట తాము ఆపుకునే అలవాటు కొంతైనా ఉంటుందని నా ఆశ.

బయల్దేరే ముందు టీచర్ ఫోను చూపించారు. హాజరుకు, భోజనానికి, బడి లెక్కలకు పంపాల్సిన వివరాలు, ఫోటోలు ఎన్నో. పొద్దున మొదటి పీరియడ్‌లో కొంత దానికే పోతుందట. పాఠానికి వాడే ఫోను కూడా ఇదే. ఇది ఆమె సొంతది, డేటా కూడా సొంత డబ్బుతో వేయించుకున్నదే. బడికి టీవీ ఇచ్చినవాళ్లు దానికి నెలవారీ డేటా ఖర్చు కూడా ఇవ్వాలి. ఫోటోలు పంపే పని బడి వేళల తర్వాతకు మార్చాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో కొత్త యాప్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే గంటలో, ఒక వీడియోను ఎక్కడ ఆపి ఏమడగాలో టీచర్లు ఒకరికొకరు చూపించుకోనివ్వాలి. ఇక ఈ పత్రిక చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డ గొంతు రికార్డు చేసి టీచర్ పంపితే, లైకు పెట్టి వదిలేయకండి. విని, మీ గొంతుతో జవాబు పంపండి.